ఉండుంటే ఈపాటికి...

మా అమ్మమ్మకి విమానం చప్పుడంటే పడేది కాదు. కాపరమేమో విశాఖపట్నంలో. ఇంటి మీంచి రోజుకి ఎన్ని విమానాలు పోతాయో లెక్కలేదు. అలాంటి చోట ఉంటూ విమానం చప్పుడు పడదంటే ఎలా చెప్పండి! అయినా ఆవిడంతే. మోత వినపడగానే చేతిలో పని ఆపేసి, తల దించుకుని, అది దూరమయ్యేదాకా అలాగే కూర్చునేది. కత్తిపీట మీద వంకాయ సగంలో ఆగిపోయేది. మేం పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసినప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. ఆ రోజే కాకినాడ మీద కూడా వేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని ఊరు ఖాళీ చేశారు. వీళ్ళూ ఎడ్లబండి కట్టించుకుని విజయనగరం దారి పట్టారు. పొయ్యి మీద పాలు దించకుండా వచ్చేశామని, ఇత్తడి గిన్నె మాడిపోయుంటుందని, అమ్మమ్మ వాళ్ళమ్మ దారిపొడుగునా ఏడ్చిందిట. అమ్మమ్మ మాత్రం బండిలో కూర్చుని ఒకటే ప్రశ్న అడిగిందిట: "పైనున్నవాళ్ళకి మనం కనపడతామా?" ఎవరూ జవాబు చెప్పలేదు. నోర్మూసుకోమన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బాంబులు వేయడానికి పోయిన ఒక కుర్రాడి కథ మీతో చెప్పాలని కూర్చున్నాను. ఆ కథ నేను ఎలాంటి ఇంట్లోంచి చదివానో మీకు ముందే తెలియడం మంచిది.

లండన్లో ఉన్న మా చిన్నాన్న కూతురు ఈ పుస్తకం పంపింది. కేట్ అట్కిన్సన్ రాసిన "ఎ గాడ్ ఇన్ రూయిన్స్", 2015లో వచ్చిన నవల. పేరు ఎమర్సన్ మాటల్లోంచి తీసుకున్నది. శిథిలమైన దేవుడు అనుకోండి. "అక్కా, యుద్ధం కథే గానీ అసలు ఇంట్లోవాళ్ళ కథ. చదువు" అని చీటీ పెట్టింది. అట్ట మీద మాట చూసి పక్కన పెట్టేశాను. బాంబులు వేసినవాడి గోడు నాకెందుకనుకున్నాను. కొన్ని నెలలు అలాగే అలమరలో పడి ఉంది. ఒక వర్షం మధ్యాహ్నం కరెంటు పోయి, టీవీ ఆగిపోయి, వేరే దిక్కులేక తీశాను. వదల్లేకపోయాను.

ముందు ఆ కుర్రాళ్ళ సంగతి కాస్త తెలియాలి. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు నుంచి రాత్రిళ్ళు జర్మనీ మీదికి వెళ్ళి బాంబులు వేసి వచ్చిన దళాన్ని బాంబర్ కమాండ్ అనేవారు. లాంకాస్టర్, హాలిఫాక్స్ లాంటి పెద్ద విమానాల్లో మామూలుగా ఏడుగురు ఉండేవారు. నడిపేవాడొకడు, ఇంజను చూసేవాడొకడు, దారి లెక్కగట్టేవాడొకడు, వైర్లెస్ వాడొకడు, బాంబుల గురి చూసేవాడొకడు, మరి తుపాకులతో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు తోక చివర గాజు గూటిలో ఒంటరిగా కూర్చునేవాడు. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ వయసువాళ్ళు. ముప్ఫై దాడులు చేసి తిరిగొస్తే ఒక విడత పూర్తయినట్టు. ఎంతమందికి పూర్తయిందంటారా? విమానాల్లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చచ్చిపోయారు. అంటే పదిమంది కుర్రాళ్ళని పంపితే నలుగురికి పైగా పోయారన్నమాట.

ఎక్కడి గొడవో మనకేమిటి అనుకోకండి. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మను యుద్ధనౌకల మీదికి వెళ్ళిన మొదటి విమానాల్లో 110వ స్క్వాడ్రన్‌వి ఉన్నాయి. దాని పేరులో హైదరాబాద్ అని ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం నవాబు ఆ దళానికి విమానాలు కొనిచ్చాడు, అందుకని ఆ పేరు. మన వాళ్ళు పన్నులు కట్టిన డబ్బుకి అంత దూరంలో రెక్కలొచ్చాయి!

కుర్రాడు తిరిగి రాకపోతే ఇంటికి టెలిగ్రాం వచ్చేది. "పోయాడు" అని ఉండదు అందులో. "జాడ తెలియడం లేదు" అని ఉంటుంది. ఆ వెనకే పై అధికారి ఉత్తరం. ఆ తరవాత అతని బట్టలు, గడియారం, ఉత్తరాలు ఓ పెట్టెలో సర్ది పంపించేవారు. నెలలు గడిచాక, చనిపోయినట్టు భావిస్తున్నామని ఇంకో కాగితం. ఈ రెండు కాగితాల మధ్య ఉన్న నెలల్లో ఏ తల్లి ఎలా బతికిందో ఊహించుకోండి. ఒకే విమానంలో పోయిన కుర్రాళ్ళ తల్లులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారట. మీవాడి కబురేమైనా తెలిసిందా, మావాడి గురించి ఏమైనా రాశాడా అని. ఎన్నడూ ముఖాలు చూసుకోని వాళ్ళు! శవం కూడా దొరకనివాళ్ళ కోసం 1953లో రన్నీమీడ్ అనేచోట ఒక స్మారకం కట్టారు. దాని గోడల మీద ఇరవై వేలకి పైగా పేర్లున్నాయి.

ఈ కుర్రాళ్ళ మీద వచ్చిన సినిమాల్లో బాగా పేరున్నది 1955లో వచ్చిన "ది డ్యామ్ బస్టర్స్". 1943 మేలో జర్మనీ ఆనకట్టలు బద్దలు కొట్టిన దాడి కథ. పందొమ్మిది విమానాల్లో 133 మంది వెళితే 56 మంది తిరిగి రాలేదు, అందులో ముగ్గురు ఖైదీలుగా దొరికారు. సినిమా చివర గెలుపు సంబరం ఉండదు. దళనాయకుడు ఉత్తరాలు రాయాల్సి ఉందంటూ ఒంటరిగా నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. పోయినవాళ్ళ ఇళ్ళకి రాయాల్సిన ఉత్తరాలవి. నిబ్బరం ఉన్న ముగింపు అది, మెచ్చుకోవాలి. కానీ కథ అక్కడ ఆగిపోయింది. ఆ ఉత్తరం అందుకున్న ఇంట్లో ఏమైంది? మర్నాటి పొద్దున ఆ ఇంట్లో కాఫీ ఎవరు కలిపారు? సినిమా ఆ గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. అట్కిన్సన్ నవల ఆ గడప దాటి లోపలికి వెళ్ళింది. నాకు అందులో నచ్చిన మొదటి సంగతి ఇదే.

నాయకుడు టెడ్డీ. తల్లికి ముద్దుల కొడుకు. పక్షులన్నా చెట్లన్నా ప్రాణం. యుద్ధం రాగానే హాలిఫాక్స్ విమానం నడుపుతాడు. మళ్ళీ మళ్ళీ జర్మనీ మీదికి వెళ్ళి వస్తాడు. ఒకవేళ బతికి బట్టకడితే ఇకమీదట అందరి పట్లా దయగా ఉండాలని తనలో తను మొక్కుకుంటాడు. ఆ తరవాత విమానం కూలి జర్మనుల చేతికి చిక్కుతాడు, యుద్ధం అయ్యాక ఇంటికొస్తాడు, చిన్నప్పటి పక్కింటి పిల్ల నాన్సీని పెళ్ళి చేసుకుంటాడు. వాళ్ళకో కూతురు వయోలా. ఆ కూతురికి ఇద్దరు పిల్లలు. టెడ్డీ పత్రికలో ప్రకృతి గురించి చిన్న చిన్న వ్యాసాలు రాస్తూ, మనవల్ని సాకుతూ, ముసలివాడవుతాడు.

కథని వరసగా చెప్పదు రచయిత్రి. ఒక అధ్యాయం 1925, ఇంకోటి 1980, మళ్ళీ వెనక్కి యుద్ధంలోకి. మొదట్లో చిరాకేసింది నాకు. పేజీలు వెనక్కి తిప్పుకోవాల్సొచ్చింది. పోనుపోను అర్థమైంది, ఇంట్లో పెద్దవాళ్ళు కథలు చెప్పేది కూడా ఇలాగే గదా! మా అమ్మమ్మ ఎప్పుడైనా వరసగా చెప్పిందా? పాలగిన్నె దగ్గర మొదలెట్టి, మధ్యలో తన పెళ్ళిలోకి వెళ్ళి, అక్కణ్ణించి బండిలోకి వచ్చేది.

వయోలా పాత్ర గురించి రెండు మాటలు చెప్పాలి. తండ్రంటే ఆవిడకి ఎడతెగని కోపం. తల్లి నాన్సీ జబ్బుతో చివరి దశలో ఉన్నప్పుడు తండ్రి చేసిన ఒక పని చిన్నపిల్లగా చూసి, అర్థం చేసుకోలేక, జీవితమంతా ఆయన్ని క్షమించదు. యుద్ధంలో నువ్వేం చేశావు నాన్నా అని మనసుపెట్టి అడగదు. ఆయనా చెప్పడు. ఒకే ఇంట్లో ఇద్దరి మధ్యా ఒక యుద్ధం మొత్తం మాట్లాడకుండా కూర్చుంటుంది. ఇంతకీ పెద్దయ్యాక వయోలా ఏమవుతుందనుకున్నారు? నవలలు రాసి పేరు తెచ్చుకుంటుంది! ఇక్కడ నాకు చురుక్కుమంది. ఊరందరి మనసుల్లోకి దూరి కథలు రాసే మనిషి, ఎదురుగా ఉన్న తండ్రిని మాత్రం చదవలేకపోయింది. ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి, మా నాన్నగారికి ఫోన్ చేసి, "భోజనం అయిందా?" అని అడిగాను. "ఏం, ఏమైందే?" అని ఆయన కంగారుపడ్డారు.

చెప్పకుండా ఊరుకున్న వాళ్ళే కాదు, వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మైల్స్ ట్రిప్ అనే ఆయన నిజంగా బాంబుల గురి చూసే పని చేసినవాడు. ఇరవై ఏళ్ళు దాటాక తన విమానంలోని మిగతావాళ్ళని ఒక్కొక్కళ్ళనీ వెతికి పట్టుకుని, 1969లో "ది ఎయిత్ పాసెంజర్" అని పుస్తకం రాశాడు. విమానంలో ఉన్నది ఏడుగురే గదా, మరి ఎనిమిదోవాడెవడు? భయం. డ్రెస్డెన్ నగరం మీదికి వెళ్ళిన రాత్రి, అప్పటికే కింద ఊరు తగలబడుతుండటం చూసి, విమానాన్ని పక్కకి తిప్పించి బాంబుల్ని ఊరు తప్పించి వేశానని ఆయన అందులో చెప్పుకున్నాడు. గొప్పగా చెప్పుకోలేదు, ఒప్పుకున్నట్టు చెప్పాడు. ఆ నిజాయితీకి నమస్కారం పెట్టాను. అయితే అది బతికి వచ్చినవాళ్ళు బతికి వచ్చినవాళ్ళని తలుచుకున్న పుస్తకం. రానివాళ్ళ సంగతి ఎవరు రాయాలి? వాళ్ళని ఇంట్లోవాళ్ళే రాయాలి. కాగితం మీద రాయరు, మనసులో రాసుకుంటారు.

ఇక్కణ్ణించి నవల ముగింపు చెప్పబోతున్నాను. చదవాలని ఉన్నవాళ్ళు కిందికి రాకండి. తరవాత నన్ను తిట్టుకోకూడదు.

చిట్టచివర తెలుస్తుంది. టెడ్డీ బతకలేదు. 1944 మార్చి 30 రాత్రి విమానంతో పాటే పోయాడు. చరిత్రలో కూడా ఆ రాత్రే న్యూరెంబర్గ్ మీదికి వెళ్ళిన విమానాల్లో 95 తిరిగి రాలేదు. మరి మనం ఇంతసేపూ చదివిన పెళ్ళి, కూతురు, మనవలు, ముసలితనం? ఏవీ జరగలేదు. వయోలా లేదు. పిల్లలు లేరు. ఒక్కొక్కరే మన కళ్ళముందే మాయమైపోతారు.

ఇది మోసం కాదా అన్నవాళ్ళున్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. నాలుగువందల పైచిలుకు పేజీలు కూర్చోబెట్టి అంతా ఉత్తిదే అంటే ఒళ్ళు మండదూ? రాత్రి పడుకున్నాక ఒక మాట గుర్తొచ్చింది. మన ఇళ్ళల్లో పిల్లాణ్ణి పోగొట్టుకున్న ప్రతి తల్లీ అనే మాట: "వాడు ఉండుంటే ఈపాటికి..." ఉండుంటే ఈపాటికి ఇంజనీరయ్యేవాడు. ఉండుంటే ఈపాటికి పెళ్ళీడు పిల్లలుండేవాళ్ళు. పోయినవాడికి ఇంట్లోవాళ్ళు ఏటా ఒక ఏడు కలుపుతూనే ఉంటారు. ఫొటోలో వాడికి ఇరవై రెండేళ్ళే. తల్లి లెక్కలో యాభై వస్తాయి, జుట్టు నెరుస్తుంది, చత్వారం వస్తుంది. ఈ నవల మొత్తం ఒక పెద్ద "ఉండుంటే". రచయిత్రి మోసం చేయలేదు. ఇళ్ళల్లో జరిగేదాన్నే పేజీల మీద పెట్టింది. చివర్లో చేయి వదిలేసింది, అంతే. 55,573 అన్న అంకె చదివితే అయ్యో అనిపించి ఊరుకుంటాం. వయోలా మాయమైనప్పుడు మాత్రం నాకు గొంతు పట్టేసింది. ఆ విసుగుమొహం మనిషి, పుట్టనే లేదట!

ఇంకో మెచ్చుకోలు కూడా చెప్పాలి. మనం "ఉండుంటే" అన్నప్పుడు ఎప్పుడూ మంచే అనుకుంటాం. ఉండుంటే కలెక్టరయ్యేవాడంటాం గానీ, ఉండుంటే పెళ్ళాంతో పోట్లాడేవాడని అనం. అట్కిన్సన్ అలా చేయలేదు. టెడ్డీకి ఇచ్చిన లేని జీవితంలో భార్య జబ్బు ఉంది, కూతురి ఈసడింపు ఉంది, ముసలివాళ్ళ ఆశ్రమంలో గడిపిన రోజులున్నాయి. బతికుంటే అనుభవించాల్సినవి ఇవే మరి! ఫొటోకి దండ వేసి దేవుణ్ణి చేయడం తేలిక. వాణ్ణి మనిషిగా తలుచుకోవడమే కష్టం.

మరి లోపమేమీ లేదా? ఉంది. అది చిన్నదేం కాదు.

టెడ్డీకి అనుమానాలు రాకపోలేదు. కింద ఏం జరుగుతోందో అతనికి తెలుసు. అక్క ఉర్సులాతో దాని గురించి మాట్లాడతాడు కూడా. కానీ కింద ఉన్న ఇళ్ళల్లోకి నవల వెళ్ళదు. 1943 జులైలో హాంబర్గ్ మీద పడిన బాంబులకి ముప్ఫై వేలకి పైగా పోయారు. డ్రెస్డెన్లో దాదాపు 25,000. ఆనకట్టలు తెగినప్పుడు వచ్చిన వరదలో కొట్టుకుపోయిన 1,300 మందికి పైగా జనంలో, బలవంతాన పనికి పట్టుకొచ్చిన పరాయి దేశపు ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళకీ ఉండుంటే ఈపాటికి మనవలుండేవారు. ఇంత పెద్ద పుస్తకంలో వాళ్ళకి ఒక్క వంటిల్లు లేదు, ఒక్క పేరు లేదు.

కుదరదు కాబోలు అనుకుందామా? కుదురుతుంది. లెన్ డైటన్ 1970లోనే "బాంబర్" అనే నవలలో చేసి చూపించాడు. ఒకే ఒక్క రోజు కథ. 1943 జూన్ 31 అని తేదీ వేశాడు. జూన్‌కి ముప్ఫయ్యే గదా! లేని తేదీ, లేని జర్మను ఊరు. పైన ఉన్న కుర్రాళ్ళూ, పొరపాటున బాంబులు పడిన కింది ఊరివాళ్ళూ, ఇద్దరూ మనకి పేర్లతో తెలుస్తారు. అందులో ఇంజన్లూ యంత్రాలూ నాకు మరీ ఎక్కువయ్యాయి, అది నా తెలివితక్కువ కావచ్చు. కానీ ఆ కథ ఒక్క రోజుతో ముగిసిపోతుంది. ఏళ్ళ తరబడి తలుచుకోవడం అందులో లేదు. డైటన్‌కి ఇద్దరూ కనపడ్డారు, వాళ్ళ తరవాతి ఏళ్ళు కనపడలేదు. అట్కిన్సన్‌కి ఏళ్ళు కనపడ్డాయి, ఇద్దరూ కనపడలేదు.

స్మారకాలు కట్టేవాళ్ళకి మాత్రం ఇది తట్టింది. ఈ కుర్రాళ్ళ కోసం లండన్లోని గ్రీన్ పార్కులో స్మారకం లేచింది 2012లో. యుద్ధం ముగిసిన అరవై ఏడేళ్ళకి! ఎదురుచూసిన తల్లులు ఒక్కరూ మిగిలి ఉండరు. అయినా ఆ రాతి మీద, బాంబుల కింద పోయిన అన్ని దేశాలవాళ్ళనీ తలుచుకుంటున్నామని కూడా చెక్కారు. లింకన్ నగరం దగ్గర 2018లో తెరిచిన కేంద్రంలో దాదాపు 58,000 పేర్లున్నాయి. అక్కడి స్తంభం ఎత్తు 102 అడుగులు, అంటే లాంకాస్టర్ ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి ఎంతో అంత. బాంబులు వేసినవాళ్ళ మాటలతో పాటు, బాంబులు పడినవాళ్ళ మాటలు కూడా అక్కడ సేకరించి దాచారు. ఇంట్లోవాళ్ళు పాత ఫొటోలు పట్టుకుని అక్కడికి వస్తుంటారు.

నేను ఈ నవల చదివినప్పటికి మా అమ్మమ్మ ఉంది, ఎనభై దాటింది. కళ్ళు సరిగా కనపడేవి కావు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని కథంతా చెప్పాను. పక్షులంటే ఇష్టమైన పిల్లాడని చెప్తే, "అయ్యో, అలాంటివాడికి ఆ పనేమిటే!" అంది. వయోలాని బాగా తిట్టింది. చివరికి అతను బతకలేదని చెప్పేసరికి చాలాసేపు మాట్లాడలేదు. "వాళ్ళమ్మ చూసిందా ఆ కాగితం?" అని మాత్రం అడిగింది.

అప్పుడు నాకు ఆ బండిలో పిల్ల అడిగిన ప్రశ్న జ్ఞాపకం వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటినా ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న. "అమ్మమ్మా, అంత ఎత్తు నుంచి చీకట్లో కింద మనుషులు కనపడరుట. మంటలూ వెలుతురూ తప్ప ఏమీ కనపడదుట" అన్నాను.

ఆవిడ కాసేపు చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది. "కనపడరా? పోన్లే. ఆ పిల్లాడికి కనపడరు, సరే. రాసినావిడకి కనపడొద్దూ?" అంది.

నేనేం మాట్లాడలేదు. పైన ఏదో విమానం పోతోంది. ఆవిడ తల దించుకుంది. నేనూ దించుకున్నాను.